తెలుగు అకాడమీ పుస్తకాలూ నీ బీఎస్సీ చదువూ

చిరంజీవి అమ్మలుకూ, నీతోపాటు ఈ ఏడు కాలేజీలో చేరుతున్న నా మనవలూ మనవరాళ్లందరికీ తాతయ్య ఆశీస్సులు.

నువ్వు బీఎస్సీలో వృక్షశాస్త్రం తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచీ నా సంతోషం ఇంతా అంతా కాదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను చెప్పిన పాఠం అదే కదా. నువ్వు పంపిన పుస్తకాల జాబితా కూడా చూశాను. అన్నీ మంచి పుస్తకాలే, శ్రద్ధగా చదువుకో. కానీ అందులో తెలుగులో రాసిన శాస్త్ర పుస్తకం ఒక్కటి కూడా లేదని గమనించాక మనసు కుదుటపడలేదు. నీ మీద కోపం కాదమ్మా. కాలేజీవాళ్లు ఇచ్చిన జాబితాకు నువ్వేం చేస్తావు? ఇంగ్లీషు మీద కూడా నాకు కోపం లేదు. రేపు నువ్వు పరిశోధన చేయాలన్నా, పై దేశాల వాళ్లు ఏం రాస్తున్నారో తెలుసుకోవాలన్నా అది రావాల్సిందే. గట్టిగా నేర్చుకో. కాకపోతే ఈ దేశంలో నీకంటే ముందు ఇదే శాస్త్రాన్ని లక్షల మంది పిల్లలు తెలుగులో చదువుకున్నారనీ, వాళ్ల కోసం కొందరు పెద్దలు ఎంతో కష్టపడి పుస్తకాలు తయారు చేశారనీ నీకు చెప్పేవాళ్లు ఇప్పుడెవరూ లేరేమోనని నా బెంగ. అందుకే ఈ ఉత్తరం.

1968లో హైదరాబాదులో తెలుగు అకాడమీ పెట్టారు. అప్పట్లో విద్యాశాఖ మంత్రిగా ఉన్న పి.వి. నరసింహారావుగారే దానికి మొదటి అధ్యక్షులు. విశ్వవిద్యాలయ స్థాయి పుస్తకాలు మన దేశ భాషల్లో రావాలని కేంద్ర ప్రభుత్వం ఒక్కో రాష్ట్రానికి కోటి రూపాయల చొప్పున కేటాయించిన రోజులవి. కేరళలో భాషా ఇన్‌స్టిట్యూట్, హిందీ రాష్ట్రాల్లో గ్రంథ అకాడమీలు కూడా ఆ కాలంలో వచ్చినవే. మరుసటి ఏడు మన దగ్గర ఇంటర్మీడియట్ మొదలైంది. తెలుగు మాధ్యమంలో చేరిన పిల్లలకి పాఠం చెప్పాలంటే పుస్తకం కావాలి, పుస్తకం రాయాలంటే ముందు పరిభాష కావాలి. రెండు పనులూ ఒకేసారి మీద పడ్డాయి. కాలేజీల్లో పాఠాలు చెప్పే లెక్చరర్లనే కూర్చోబెట్టి రాయించారు. ఒకరు రాస్తే మరొకరు విషయం సరిచూసేవారు. భౌతికం, రసాయనం, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, అర్థశాస్త్రం, చరిత్ర, రాజనీతిశాస్త్రం, ప్రభుత్వపాలన... ఒక్కో శాస్త్రానికీ పాఠ్యగ్రంథాలూ పదకోశాలూ వచ్చాయి. మామూలు కాగితం, మామూలు అట్ట, పేదపిల్లవాడు కూడా కొనుక్కోగలిగిన ధర. జిల్లాల వారీగా మన మాండలికాల మీద కూడా వరసగా పుస్తకాలు వేశారు. ఒకే ప్రచురణ సంస్థ కరీంనగర్ పల్లెల మాటతీరు మీదా, మొక్కల తెగుళ్ల మీదా పుస్తకాలు తేవడం చిన్న సంగతి కాదు తల్లీ.

వాళ్లకు ముందు నడిచిన పెద్దలు కూడా ఉన్నారు. కొమర్రాజు లక్ష్మణరావుగారి పేరు నువ్వు పోటీ పరీక్షల బిట్లలో చూసి ఉంటావు. ఆయనా, ఆయన మిత్రులూ 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపించారు. వాళ్ల వెనక ప్రభుత్వం లేదు, విశ్వవిద్యాలయం లేదు. తెలుగువాడికి లోకజ్ఞానం తెలుగులోనే అందాలన్న పట్టుదల ఒక్కటే ఉంది. మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఆచంట లక్ష్మీపతిగారు జీవశాస్త్రం రాశారు. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం 1910లో వచ్చింది. పదార్థ విజ్ఞానం, రసాయనం, దేశాల చరిత్రలు, అన్నీ ఆ మండలి చేతి మీదుగా తెలుగులోకి వచ్చాయి. తరవాత లక్ష్మణరావుగారు విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. అ అక్షరంతో మొదలయ్యే విషయాలకే మూడు సంపుటాలు పట్టింది. ఆ పని పూర్తికాకుండానే 1923లో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు కూడా లేవు. అంత పెద్ద పనిని అంత చిన్న జీవితంలో నెత్తికెత్తుకున్న మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు రెండు చేతులూ జోడించాలనిపిస్తుంది.

ఈ పుస్తకాలు ఏం చేశాయో ఒక్క ఉదాహరణ చెబుతాను. మొక్కల తెగుళ్ల పాఠంలో వరికి వచ్చే అగ్గితెగులు ఉంటుంది. పైరిక్యులేరియా అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. ఆకుల మీద నూలుకండె ఆకారంలో, రెండు కొసలూ సన్నగా, నడుమ బూడిదరంగులో మచ్చలు కనిపిస్తాయి. రాత్రిళ్లు చల్లబడి మంచు పడుతున్నప్పుడూ, పొలానికి నత్రజని ఎక్కువైనప్పుడూ విజృంభిస్తుంది. ఈ పాఠం నేను చెప్పిన క్లాసులో సగానికి పైగా రైతుబిడ్డలే. వాళ్ల ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనుషులు వాళ్లే. పుస్తకం తెలుగులో ఉంది కాబట్టి ఆ పేజీని పిల్లవాడు ఇంట్లో పైకి చదివితే తండ్రికి అర్థమయ్యేది. యూరియా ఇంకో బస్తా వేస్తే పైరు పచ్చగా తిరుగుతుందనుకునే రైతుకి, ఆ బస్తాయే తెగులుకి బలమిస్తుందన్న సంగతి కన్నకొడుకు నోటి నుంచి వినపడేది. తండ్రి ఎదురు ప్రశ్నలు వేసేవాడు. మరి పక్క చేలో అదే యూరియా వేస్తే తెగులెందుకు రాలేదని అడిగేవాడు. పిల్లవాడు మర్నాడు ఆ ప్రశ్న తెచ్చి నా ముందు పెట్టేవాడు. వరి రకాల్లో తెగులును తట్టుకునే శక్తి ఎలా వేరుగా ఉంటుందో ఆ రోజు క్లాసంతా మాట్లాడుకునేవాళ్లం. పాఠం పొలానికి వెళ్లి ప్రశ్నగా తిరిగి రావడం నేను కళ్లారా చూశానమ్మా. పుస్తకం తెలుగులో లేకపోతే ఆ రాకపోకలు ఉండేవి కావు.

రెండోవైపు నుంచి కూడా ఇదే జరిగింది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో పరిశోధకులు ప్రశ్నావళులు పట్టుకుని ఊరూరా తిరిగి రైతుల నోటి మాటలు రాసుకున్నారు. వ్యవసాయ వృత్తి పదకోశం 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురణగా వచ్చింది. చేనేత మీద రెండో సంపుటం 1971లో వచ్చింది. నేలల రకాలు, నాగలి భాగాలు, మగ్గం పనిముట్లు, ఏ జిల్లాలో దేన్ని ఏమంటారో అందులో ఉంది. చదువురాని రైతు దగ్గర పండితుడు కూర్చుని నేర్చుకున్నది పుస్తకమైంది. తెలుగులో వచ్చిన శాస్త్ర గ్రంథాలన్నిటిలోనూ ఏది గొప్పదని ఎవరైనా నన్నడిగితే ఆ పదకోశాన్నే చూపిస్తాను. వీలైనప్పుడు నువ్వు తప్పకుండా చూడు.

మరి ఇప్పుడేమైంది? 2021లో ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువు ఇంగ్లీషు మాధ్యమానికి మారింది. అదే ఏడు ఇక్కడి అకాడమీ పేరు తెలుగు సంస్కృత అకాడమీ అయింది. రాష్ట్రం రెండయ్యాక అకాడమీ కూడా రెండుగా చీలింది. రెండు చోట్లా పుస్తకాలు ఇంకా అచ్చవుతూనే ఉన్నాయి. గ్రూప్స్‌కి చదివే పిల్లలు కోఠీ కొట్లలో ఈ పుస్తకాలను ఇప్పటికీ వెతుక్కుంటారు, వాళ్లు చల్లగా ఉండాలి. కానీ పరీక్ష కోసం చదివేవాళ్లే మిగిలాక పుస్తకానికి కొత్త నెత్తురు ఎక్కదు. నా దగ్గరున్న వృక్షశాస్త్రం పుస్తకాల్లో పూలమొక్కల వర్గీకరణ బెంథామ్, హుకర్లతో ముగుస్తుంది. వాళ్లది పందొమ్మిదో శతాబ్దపు పద్ధతి. 1998 నుంచి డీఎన్‌ఏ పోలికలను బట్టి మొక్కల కుటుంబాలనే తిరగరాశారు. మేం చదువుకున్నప్పుడు జిల్లేడుది ఒక కుటుంబం, గన్నేరుది ఇంకో కుటుంబం. ఇప్పుడు రెండూ ఒకే కుటుంబం. రెంటినీ గిల్లితే పాలు కారతాయని మన పల్లెల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ పాలకీ, కొత్త వర్గీకరణకీ ఉన్న సంబంధమేమిటో తెలుగులో విడమరచి చెప్పే పుస్తకం నా కంటికి ఇంతవరకు కనపడలేదు.

ఇందులో మా తరం బాధ్యత చాలా ఉంది. దాచిపెట్టుకోను. క్లాసులో తెలుగులో పాఠం చెప్పి, ఇంటికొచ్చి మా పిల్లల్ని ఇంగ్లీషు బడులకు పంపాం. మీ అమ్మనూ అలాగే పంపాను. ఎదుటివాళ్ల పిల్లలకి తెలుగు పుస్తకం, మన పిల్లలకి ఇంగ్లీషు పుస్తకం అని మేమే గీత గీశాక, తెలుగు మాధ్యమం పేదవాళ్ల మాధ్యమంగా మిగిలిపోయిందని వాపోయే హక్కు మాకు లేదు. ఆ పుస్తకాల్లో భాష కూడా చాలా చోట్ల బరువుగా ఉండేది. ఇంగ్లీషు వాక్యం పక్కన పెట్టుకుని ముక్కకు ముక్క దించినట్టుండే పేజీలు నాకూ తెలుసు. క్లాసులో మేం వాటిని విప్పి సులువుగా చెప్పేవాళ్లం, పిల్లలకి అర్థమయ్యేది. ఆ చెప్పినదాన్నే కాగితం మీద పెట్టి ఉంటే రెండో కూర్పు ఎంత బాగుండేదో! పెట్టలేదు. మా నోట్లో ఉన్న తెలుగు మాతోనే రిటైరైంది.

హైదరాబాదులోనే ఇలాంటిదే ఇంకో కథ జరిగింది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువంతా ఉర్దూలో చెప్పేవారు. వైద్యం, ఇంజినీరింగు కూడా ఉర్దూలోనే. అందుకోసం అంతకు ముందు ఏడే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి, ఐరోపా శాస్త్ర గ్రంథాలను వందలుగా ఉర్దూలోకి తెచ్చారు. హైదరాబాదు రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగు, మరాఠీ, కన్నడాలను పక్కనపెట్టి చేసిన పని కాబట్టి దానిలో అన్యాయం ఉంది. అయినా ఒక భారతీయ భాషలో శరీరశాస్త్రం నుంచి న్యాయశాస్త్రం దాకా చెప్పవచ్చని చూపించారు కదా, ఆ పండితుల శ్రమకి నేను తల వంచుతాను. 1948 తరవాత ప్రభుత్వం మారింది, బోధనా భాష మారింది, ఆ పుస్తకాలకి చదివేవాళ్లు లేకుండా పోయారు. పాలకుల ఉత్తర్వు మీద నిలబడ్డ చదువు ఇంకో ఉత్తర్వుతో పోయింది. లక్ష్మణరావుగారి మండలికి ఏ ఉత్తర్వూ లేదు. నా ఆశంతా ఆ దారి మీదే.

ఇప్పుడు ఇంజినీరింగు పుస్తకాలను కూడా తెలుగులోకి తెస్తున్నారు, కంప్యూటరు క్షణాల్లో అనువాదం చేసి పెడుతోంది అంటున్నారు. మంచిదే, చేయనివ్వండి. కానీ అగ్గితెగులు పాఠంలో మన మండలంలో ఏ వరి రకం తట్టుకుంది, ఏది పడిపోయింది అన్నది ఆ చేను చూసినవాళ్లే రాయాలి. ఆ పని నీలాంటి వాళ్లదే. అందుకని నిన్ను కొన్ని కోరికలు కోరతాను, బరువనుకోకు. ఏ పాఠం చదివినా దాన్ని మీ నానమ్మకి తెలుగులో చెప్పి చూడు. ఎక్కడ ఆగిపోయావో అక్కడ నీకే సరిగ్గా అర్థం కాలేదన్నమాట, మళ్లీ ఇంగ్లీషు పుస్తకం తెరువు. ఆంధ్రుల చరిత్రము తెలుగు వికీసోర్స్‌లో ఉంది. ఆ కాలపు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా బోలెడు దొరుకుతాయి. చరిత్ర చదివే నీ స్నేహితులకి చెప్పు. ఎప్పుడైనా చీరాల వైపు వెళ్తే వేటపాలెం సారస్వత నికేతనంలో ఒక పూట గడుపు. 1918 నుంచి ఉన్న గ్రంథాలయం అది. మీ జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అకాడమీ పుస్తకాలు ఏవి ఉన్నాయో చూసి, చిరిగిపోతున్నవాటి పేర్లు రాసుకో. కాలేజీలో తెలుగు మాధ్యమం నుంచి వచ్చి వెనక బెంచీలో తలవంచుకు కూర్చున్న పిల్ల ఉంటుంది. ఆ పిల్ల పక్కన కూర్చుని పాఠం తెలుగులో చెప్పు. నీకు పుణ్యం, ఆ పిల్లకి ధైర్యం.

ఇంకొక్కటి. జిల్లేడు, గన్నేరు ఒకే కుటుంబంలోకి ఎందుకొచ్చాయో నాలుగు పేజీలు తెలుగులో రాసి సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురా. ఇంగ్లీషు మాట తప్పనిసరి అయితే తెలుగు లిపిలో అలాగే ఉంచు, దానికోసం ఆగిపోకు. పూల బొమ్మలు నువ్వే గియ్యి, నిలువుకోత బొమ్మ కూడా ఉండాలి. నేను ఎర్ర సిరాతో దిద్దుతాను, నువ్వు ఒప్పుకోనిచోట నాతో వాదించు. బాగా కుదిరితే మన ఊరి హైస్కూలు సైన్సు మాస్టారికి ఇద్దాం, తొమ్మిదో తరగతి పిల్లల చేత చదివించి వాళ్లకి ఎక్కడ అర్థం కాలేదో కనుక్కుని చెబుతారు. నా దగ్గరున్న మొక్కల తెగుళ్ల పుస్తకం ఈ ఉత్తరంతోపాటు పోస్టులో పంపుతున్నాను. పేజీల అంచుల మీద పెన్సిలుతో రాసినవి నా విద్యార్థుల తండ్రులు అడిగిన ప్రశ్నలు. వాటిలో కొన్నిటికి నాకు ఇప్పటికీ జవాబు తెలీదు, నువ్వేమైనా కనుక్కోగలవేమో చూడు.

వేళకి తిను. చదువులో దినదినాభివృద్ధి పొందు. నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో వర్ధిల్లు.

ఇట్లు,
ప్రేమతో మీ తాతయ్య