పరీక్ష గడప దగ్గరే... నిర్ధారణ ఎన్నాళ్లకు?

రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరు 14న ఇంటింటి క్యాన్సర్ పరీక్షలు మొదలుపెట్టింది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు గడప గడపకూ వెళ్లి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల లక్షణాలు ఆరా తీస్తున్నారు. ఇది మంచి అడుగే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30-49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు 0.9 శాతమే. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే దేశంలో సుమారు 1.92 లక్షల మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, 98 వేల మందికి పైగా చనిపోయారు.

అసలు ప్రశ్న ఆ తర్వాతిది. గడ్డ ఉందని అనుమానం రాసుకున్నాక, అది క్యాన్సరో కాదో ఎన్ని రోజుల్లో తేలుతుంది?

60 రోజుల్లో తేల్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ గడువు ఊరికే పెట్టింది కాదు. క్యాన్సర్ ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైతే మరణ ప్రమాదం 6 నుంచి 8 శాతం పెరుగుతుందని 2020లో బీఎంజే పత్రికలో వచ్చిన విశ్లేషణ తేల్చింది. చాలా గడ్డలు క్యాన్సర్ కావు. కానీ ఆ మాట చెప్పాలన్నా స్కానింగ్ కావాలి, బయాప్సీ కావాలి. చేత్తో తడిమి చూస్తే అనుమానం వరకే.

గోనెగండ్ల మండలం నుంచి చూస్తే ఆ 60 రోజులు ఎలా కరిగిపోతాయో అర్థమవుతుంది. కర్నూలు పెద్దాసుపత్రి యాభై కిలోమీటర్లు పైబడిన దూరం. ఓపీకి ఒకసారి, స్కానింగ్‌కు ఒకసారి, బయాప్సీకి ఒకసారి, రిపోర్టుకు ఒకసారి పోవాలనుకుందాం. తోడు ఒకరు లేకుండా ఆడమనిషి పోలేదు. 2025-26లో ఉపాధి హామీ రోజు కూలి రూ.307. ఇద్దరికి నాలుగు రోజులంటే రూ.2,456 పోయినట్టే. బస్సు చార్జీ, తిండి దీనికి అదనం. ఆసుపత్రిలో పరీక్ష ఉచితమే కావచ్చు, అక్కడికి చేరడం ఉచితం కాదు.

దీనికి తోడు సుగ్గి. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి ఏటా వేల కుటుంబాలు మిరపకాయ కోతకు, పత్తి తీతకు గుంటూరు వైపు, కర్ణాటక వైపు పోతాయి. అందులో మాదిగ, బోయ, ఇతర భూమిలేని కులాలవాళ్లే ఎక్కువ. దామోదరం సంజీవయ్య పేరు పెట్టుకున్న గాజులదిన్నె జలాశయం ఉన్న మండలానికీ ఈ వలస తప్పలేదు. వాడలో పేరు రాసుకున్న మహిళకు కర్నూలు రమ్మని పిలుపు వచ్చేసరికి ఆమె ఏ మిరప చేను గట్టునో ఉంటుంది. రికార్డులో మాత్రం ‘రాలేదు’ అని పడుతుంది. తప్పు ఆమెదే అయిపోతుంది.

ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది కదా అంటారు. ఆ కార్డుతో ఆపరేషన్, కీమో, రేడియేషన్ జరుగుతాయి. అయితే ఆ అనుమతికి బయాప్సీ రిపోర్టు చేతిలో ఉండాలి. అనుమానానికీ రిపోర్టుకూ మధ్యనున్న దారిలోనే పేదలు రాలిపోతున్నారు. క్షయ రోగికి పోషణ కోసం నెలకు వెయ్యి రూపాయలు ఇస్తున్న ప్రభుత్వం, క్యాన్సర్ అనుమానితురాలి దారి ఖర్చు, పోయిన కూలి ఎందుకు ఇవ్వకూడదు? ఎస్సీ ఉప ప్రణాళిక చట్టం 2013 నుంచీ ఉంది. దళిత మహిళకు నేరుగా అందే ఇలాంటి ఖర్చుకే ఆ నిధి వాడాలి.

ఆదోని వైద్య కళాశాల గొడవనూ ఇక్కడి నుంచే చూడాలి. 2025 సెప్టెంబరులో ప్రభుత్వం పది వైద్య కళాశాలలను పీపీపీ పద్ధతికి ఇవ్వాలని నిర్ణయించింది. తొలి విడత నాలుగింటిలో ఆదోని ఒకటి. బోధనాసుపత్రి అంటే పాథాలజీ, రేడియాలజీ, సర్జరీ ఒకే చోట ఉండటం. గోనెగండ్ల మహిళకు కర్నూలు ప్రయాణాలు తప్పడం. అది ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరికి ఎంతకు అందుతుంది అన్నది సీట్ల సమస్య మాత్రమే కాదు, ప్రాణాల సమస్య.

కార్యకర్తలు, విద్యార్థులు చేయదగ్గ పని ఒకటుంది. సమాచార హక్కు చట్టం కింద మండలాలవారీగా నాలుగు అంకెలు అడగండి: ఎంతమందిని పరీక్షించారు, ఎంతమందిని అనుమానితులుగా రాశారు, ఎంతమందికి బయాప్సీ అయింది, ఎన్ని రోజులకు అయింది. ఎస్సీ, ఎస్టీ లెక్క విడిగా ఇమ్మనండి. ఇప్పటిదాకా ప్రభుత్వాలు గొప్పగా చెప్పుకునేది మొదటి అంకె. మన వాడల ఆడవాళ్ల ప్రాణం నాలుగో అంకెలో ఉంది.