కొత్త ఫార్మాట్‌లో పట్టని పాట

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక మూఢనమ్మకం ఉంటుంది. కొత్త వెర్షన్‌లో పాతదంతా ఉంటుంది, పైగా ఇంకాస్త ఎక్కువే ఉంటుంది అని. నాకున్న ఆ నమ్మకాన్ని వదిలించింది నార్వే గిటారిస్టు టెర్యే రిప్‌డాల్.

ఆయన 'ఒడిస్సీ' 1975లో రెండు ఎల్పీలుగా వచ్చింది. ఈసీఎం కంపెనీ వేసింది. జాజ్, రాక్ కలిసిన బాణీ. పుష్యమాసం పొద్దున్నే రేపల్లె పాసింజరు కిటికీలోంచి పొలాల మీద మంచు కనిపిస్తుందే, ఆ గిటారు అలా మెల్లగా కమ్ముకుంటుంది. తెనాలిలో బండెక్కి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే రేపల్లె ఎప్పుడొచ్చిందో తెలీదు.

ఏళ్ళ తరబడి నేను విన్నది సీడీ నుంచి కాపీ చేసుకున్నదే. తర్వాతెప్పుడో ఒక మిత్రుడి ఇంట్లో ఎల్పీ తిరగేస్తే, అందులో నేను వినని పాట ఒకటుంది! 'రోలింగ్ స్టోన్', దాదాపు 24 నిమిషాలు. రెండు ఎల్పీల సంగీతం ఒక్క సీడీలో పట్టక దాన్ని వదిలేశారు. 2012లో మూడు సీడీల సెట్టు వేసినప్పుడు గానీ అది మళ్ళీ చేరలేదు.

మనకీ ఇది కొత్తేం కాదు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి రామవిలాస సభ నటులు. సత్యభామగా 'మీరజాలగలడా' పాడుతూ ఒకే మాటని రకరకాల భావాలతో పలికించేవారని చెప్పుకుంటారు. ఆనాటి 78 ఆర్పీఎమ్ ప్లేటులో ఒక వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. ఇంక ఆ విస్తారమంతా ఎక్కడ పడుతుంది చెప్పండి?

అయినా ఎంతో కొంత ప్లేట్లకెక్కింది. ఆ కాస్తనీ మనం పోగొట్టుకుంటున్నాం. రేపల్లెలో మా పెదనాన్న పోయాక అటక మీద పెట్టెడు నాటకాల ప్లేట్లు మిగిలాయి. "అన్నీ యూట్యూబ్‌లో ఉంటాయిలే, ఇచ్చెయ్యండి" అన్నది నేనే. పాత సామాన్లవాడు పట్టుకెళ్ళాడు. తర్వాత ఆయన నోటుబుక్కులో రాసుకున్న జాబితా దొరికింది. ఒక్కొక్కటే వెతికా. సగం కూడా దొరకలేదు.

వినైల్ సౌండ్ గొప్పదా, డిజిటల్ గొప్పదా అన్న గొడవ నాకొద్దు. నేననేది ఒకటే. ఆఫీసులో డేటా మైగ్రేట్ చేసినప్పుడు, రికార్డుల లెక్క సరిపోయిందో లేదో చూడకుండా పాత సర్వర్ ఆపుతామా? ఆపితే మేనేజరు ఊరుకుంటాడా? మీ ఇంటి అటక మీద కూడా అలాంటి పెట్టె ఏదైనా ఉంటే, ముందు జాబితా రాయండి. ఏవి నెట్‌లో ఉన్నాయో, ఏవి లేవో చూడండి. లేనివి డిజిటైజ్ చేయించండి. పాత సామాన్లవాడిని ఆ తర్వాత పిలవచ్చు.