కండువాలు మారాయి, మురుక్కాలవ అలాగే ఉంది

మిరప కోతల్లో కూలీలు దొరక్క ఎవరి తిప్పల్లో వాళ్ళున్నాం, ఇప్పుడు రాజకీయం ఎందుకురా అంటారని తెలుసు. అయినా రాయక తప్పట్లేదు. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మొన్న సాయంత్రం కళ్ళంలో కాయలు కుప్ప చేస్తుంటే ఇద్దరొచ్చారు. పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయి, మనవాడు మళ్ళీ నిలబడుతున్నాడు, నువ్వు మాట్లాడితే నాలుగు ఇళ్ళు వింటాయి అన్నారు. సరే, పోయినసారి పనులేమీ కాలేదు గదా అన్నాను. దానికి వాళ్ళ జవాబు ఏంటంటే, "ఇప్పుడు అధికార పార్టీలోకి వచ్చాడుగా బాబాయ్, ఇక నిధులకి లోటుండదు."

ఈ మాట నేను 2021లోనూ విన్నాను. అప్పుడు ప్రభుత్వం వేరు, ఆయన మెడలో కండువా వేరు. మాట మాత్రం ఇదే. 2024లో ప్రభుత్వం మారింది, నాలుగు నెలలు తిరక్కుండా కండువా మారింది. ఎందుకయ్యా అంటే ఊరి అభివృద్ధి కోసం అన్నాడు. మా వీధి మురుక్కాలవ మటుకు రెండు కండువాలకీ కదల్లేదు. వానాకాలం ఆ నీళ్ళు ఇప్పటికీ డొంకలోకే వస్తాయి, ట్రాక్టరు ఇప్పటికీ అక్కడే దిగబడుతుంది.

ఎవరికో తగలాలని రాయట్లేదు. మన బుర్రలో గట్టిగా నాటుకున్న ఒక్క అబద్ధం గురించి రాస్తున్నా. సర్పంచి అధికార పార్టీలో ఉంటేనే పంచాయతీకి డబ్బులొస్తాయన్నది ఆ అబద్ధం.

ముందు చట్టం సంగతి. సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తు మీద జరగదు. బ్యాలెట్ మీద సైకిలూ ఉండదు, ఫ్యానూ ఉండదు, గాజు గ్లాసూ ఉండదు. పార్టీ గుర్తులు ఎంపీటీసీ, జడ్పీటీసీ దగ్గర్నుంచే మొదలు. ఊళ్ళో మనుషులు మనుషుల్ని చూసి ఓటెయ్యాలనే అలా పెట్టారు. మనమేమో లేని గుర్తుని మనమే తెచ్చి తగిలించుకుంటున్నాం.

ఇక డబ్బు సంగతి. పంచాయతీకి వచ్చే పెద్ద డబ్బు కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు ఇచ్చినదాంట్లో 60 శాతం మంచినీళ్ళకి, పారిశుధ్యానికి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి పంచాయతీ వాడుకోవచ్చు, జీతాలకి మాత్రం కాదు. ఇది లెక్క ప్రకారం వచ్చే సొమ్ము. సర్పంచి మెడ చూసి రాదు. ఎవరి దయా కాదు, మన హక్కు.

మరి ఆ డబ్బు పూర్తిగా చేతికందిందా అంటే, అక్కడే ఉంది అసలు కథ. 2021లో పంచాయతీల గ్రాంటు సొమ్ముని కరెంటు బకాయిల కింద మళ్ళించారని రాష్ట్రమంతా సర్పంచులు రోడ్డెక్కారు, గుర్తుందా? అందులో అప్పటి అధికార పార్టీ మద్దతుతో గెలిచినవాళ్ళూ ఉన్నారు. ప్రభుత్వం మనదే, కండువా మనదే, ఖాతా ఖాళీ. కండువా నిధులు తెచ్చేదే అయితే వాళ్ళకి ఆ గతి ఎందుకు పట్టింది?

ఒక్క పార్టీనే అంటున్నానని అనుకోకండి. అంతకుముందు సంగతీ చెప్తా. 2013లో గెలిచిన పంచాయతీల గడువు 2018 ఆగస్టుకి అయిపోయింది. అప్పటి ప్రభుత్వం ఎన్నిక పెట్టలేదు, ప్రత్యేకాధికారుల్ని కూర్చోబెట్టింది. 2019లో వచ్చిన ప్రభుత్వం కూడా సాగదీసింది. ఎన్నికల సంఘానికీ ప్రభుత్వానికీ గొడవై సుప్రీంకోర్టు దాకా వెళ్తే గానీ 2021 ఫిబ్రవరిలో పోలింగ్ జరగలేదు. పంచాయతీకి ఐదేళ్ళు దాటకుండా ఎన్నిక జరగాలని రాజ్యాంగంలోనే ఉంది. అయినా రెండున్నరేళ్ళు ఊరికి సర్పంచి లేడు. ఇందులో ఇద్దరికీ వాటా ఉంది.

మన సొసైటీల సంగతి ఇంకా ఘోరం. సహకార సంఘానికి మనం ఓటేసింది 2013లో. ఆ తర్వాత ఏ ప్రభుత్వం వస్తే వాళ్ళ మనుషులు నామినేషన్ మీద కూర్చుంటున్నారు. ఎరువు బస్తా కోసం లైన్లో నిలబడేది మనం, కుర్చీలో ఎవరుండాలో చెప్పేది వాళ్ళు. ఓటు పోతే కుర్చీ పార్టీ సొత్తయిపోతుంది.

పట్నాల్లో ఏం జరిగిందో చూడండి. విశాఖ కార్పొరేషన్‌లో 2021లో 98 వార్డులకి 58 వైసీపీ గెలిచింది. 2025 ఏప్రిల్లో అవిశ్వాసం పెట్టి మేయర్‌ని దించేశారు, కుర్చీ టీడీపీకి వెళ్ళింది. మధ్యలో జనం మళ్ళీ ఓటేసిందేమీ లేదు. చట్టం ప్రకారమే జరిగిందంటారు, కాదనను. కానీ 2021లో లైన్లో నిలబడి వేలికి సిరా పూయించుకున్నవాడికి ఏం విలువ మిగిలింది? ఆ పార్టీకి వేసినవాడి సంగతే కాదు, ఈ పార్టీకి వేసినవాడి సంగతీ అదే. రేపు ప్రభుత్వం తిరగబడితే కుర్చీ మళ్ళీ తిరుగుతుంది.

మీరు అడగబోయేది నాకు తెలుసు. "ఎమ్మెల్యేతో బాగుంటేనే గదా రోడ్లు పడేది?" నిజమే, కాస్త ఉంది. 2024 అక్టోబరులో పల్లె పండుగ పెట్టి ఉపాధి హామీ నిధులతో సిమెంటు రోడ్లు వేశారు. పడినచోట మంచిదే, మెచ్చుకుందాం. కానీ ఆ ఉపాధి హామీ ఎవరిది? మన ఆడవాళ్ళు, మనవాళ్ళు ఎండలో మట్టి తవ్విన లెక్క మీద వచ్చే మెటీరియల్ సొమ్ము అది. మన డబ్బుతో వేసే రోడ్డుకి మన సర్పంచి మెడ వంచాలి అంటే, తప్పు అడిగేవాడిదా, ఇచ్చేవాడిదా? అలా మెడ వంచినవాడు రేపు మన తరఫున ఎదురు నిలబడి గట్టిగా అడగగలడా?

నా తప్పు కూడా చెప్పుకోవాలి. 2021లో రామాలయం దగ్గర పెద్దలు కూర్చుని ఏకగ్రీవం చేద్దాం అన్నారు. గుడికి ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్ళకే పదవి అన్నారు. నేనూ అరుగు మీద కూర్చున్నాను, నోరెత్తలేదు. గొడవల్లేకుండా పోతుంది, ప్రభుత్వం ఏకగ్రీవానికి ప్రోత్సాహకం కూడా ఇస్తానంది అనుకున్నా. పదవిని వేలంలో కొన్నవాడు పెట్టుబడి రాబట్టుకోకుండా ఊరుకుంటాడా? మిరపకి పెట్టిన పెట్టుబడి రాకపోతే మనమే నిద్రపోం. ఆ రోజు నేను మాట్లాడి ఉంటే కనీసం పోటీ జరిగేది, ఐదేళ్ళు అడిగే హక్కు మిగిలేది.

అందుకే ఈసారి ఎవరొచ్చి ఓటడిగినా మూడు ప్రశ్నలు అడుగుదాం. ఒకటి, ఐదేళ్ళలో ఊరికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది? రెండు, మొదటి ఏడాదిలో చేసే పని ఒక్కటి చెప్పు, ఏ డబ్బుతో చేస్తావో చెప్పు. మూడు, గెలిచాక కండువా మార్చాలనిపిస్తే ముందు గ్రామసభ పెట్టి మమ్మల్ని అడుగుతావా? మూడోదానికి చట్టంలో బలం లేదు. కానీ పదిమంది ముందు ఇచ్చిన మాటకి ఊళ్ళో విలువ ఉంటుంది.

మొదటి ప్రశ్నకి జవాబు వాళ్ళు చెప్పకపోయినా మనమే చూసుకోవచ్చు. ఈ-గ్రామ్ స్వరాజ్ అని ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది. మన పంచాయతీ పేరు కొడితే ప్రణాళిక, చెల్లింపులు కనిపిస్తాయి. సెల్‌ఫోను ఉన్న పిల్లలు ఎవరైనా తీసి చూపిస్తారు.

ఎవరికి ఓటెయ్యాలో నేను చెప్పను. మా ఇంట్లోనే నేనో పార్టీ, మా తమ్ముడో పార్టీ. అసెంబ్లీకి ఎవరిష్టం వాళ్ళది. కానీ పంచాయతీ ఓటు పంపుకీ, లైటుకీ, డొంకకీ, కాలవకీ. అక్కడ కండువా పని చెయ్యదు, మనిషి పని చెయ్యాలి.

ఆదివారం సాయంత్రం మన పంచాయతీ ఐదేళ్ళ చెల్లింపుల కాగితాలు ప్రింటు తీయించి రచ్చబండ దగ్గరికి తెస్తాను. రెండు పార్టీలవాళ్ళూ రండి. తిట్టాలనుకుంటే నన్ను అక్కడే తిట్టండి, కాగితం మాత్రం చదివి తిట్టండి.