సీఏ 19-9 అంకెను చూసి బెంబేలెత్తకండి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ రింగ్‌రోడ్డు దాకా ఎన్ని డయాగ్నొస్టిక్ సెంటర్లో! ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో ఇప్పుడు క్యాన్సర్ మార్కర్లు కూడా కలుపుతున్నారు. వాటిలో క్లోమ క్యాన్సర్‌కు సంబంధించినది సీఏ 19-9. ఏ బాధా లేనివారు సైతం చేయించుకుని, అంకె కాస్త ఎక్కువుంటే ఏడుస్తూ ఓపీకి వస్తున్నారు. సంఘంలో ప్రార్థన మనవులకు కూడా ఆ కాగితమే వస్తోంది. ఈ పరీక్షను ఆరోగ్యవంతులకు అమ్మడం సరికాదని నా అభిప్రాయం.

సీఏ 19-9 అంటే కొన్ని ప్రొటీన్లకు అంటుకుని ఉండే చక్కెర గొలుసు. 1979లో అమెరికాలోని విస్టార్ సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించారు. 37 యూనిట్ల లోపు ఉంటే మామూలు అంటారు. క్లోమ క్యాన్సర్‌లో ఇది పెరిగేమాట నిజమే. కాని పిత్తనాళంలో రాయి అడ్డుపడి కామెర్లు వచ్చినా వందల్లోకి పోతుంది, అడ్డు తొలగితే దిగిపోతుంది. పైగా వందలో ఐదు నుంచి పదిమంది శరీరం ఈ పదార్థాన్ని తయారే చేయలేదు. అది లూయిస్ అనే రక్తవర్గాన్ని బట్టి ఉంటుంది (మనకు తెలిసిన ఏ, బీ, ఓ కాదు). అలాంటివారికి క్యాన్సర్ ముదిరినా రిపోర్టు నార్మలే. జబ్బు నిర్ధారణ అయ్యాక, కీమో పనిచేస్తోందా, ఆపరేషన్ తర్వాత మళ్లీ వస్తోందా అని చూడటానికి మాత్రం డాక్టర్లకు ఇది ఎంతో అవసరం.

అంకెకన్నా ఒంటిని చూసుకోండి. నొప్పి లేకుండా కళ్లు పచ్చబడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, నడుముకు పాకే కడుపునొప్పి, యాభై దాటాక హఠాత్తుగా షుగర్ వచ్చి మనిషి చిక్కిపోవడం... ఇవి కనిపిస్తే స్కానింగ్ కావాలి. కామెర్లనగానే పసరుమందుకు వెళ్లి నెల పోగొట్టుకుంటే ఆపరేషన్‌కు వీలైన గడ్డ కూడా చేయిదాటిపోవచ్చు.

ఇక కొత్త మందుల సంగతి. ఒక ప్రొటీన్ పనిని అడ్డుకుని క్యాన్సర్‌ను నిలువరించడం పాత ఆలోచనే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన మెథోట్రెక్సేట్ చేసేది అదే. క్లోమ క్యాన్సర్‌కు మాత్రం ఆ దారి కఠినంగా ఉంది. 2005లో ఎర్లోటినిబ్‌కు అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు ఎంతో ఆశపడ్డాం. అది సగటున పెంచిన ఆయుష్షు సుమారు రెండు వారాలు! వందలో తొంభైమందికి పైగా రోగుల గడ్డల్లో కేరాస్ అనే ప్రొటీన్ చెడి ఉంటుంది. దానిని ఏ మందూ పట్టుకోలేదని దశాబ్దాలు అనుకున్నారు. 2021లో సోటోరాసిబ్ వచ్చింది, అదీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు. అది పట్టుకునే రకం మార్పు క్లోమంలో వందకు ఒకరిద్దరిలోనే ఉంటుంది. మిగతా రకాల కోసం తయారైన మందులపై ఇటీవలి ఏళ్లలో ప్రయోగాలు జోరందుకున్నాయి.

ఈ మందుల్లో ఏది ఎవరికి పనికొస్తుందో తేల్చాలంటే సీఏ 19-9 చాలదు, గడ్డలోని ముక్క కావాలి. మనవాళ్లేమో ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని బయాప్సీకి ఒప్పుకోరు. ఎండోస్కోపీ గొట్టం చివర ఉండే అల్ట్రాసౌండ్‌తో చూస్తూ, కడుపు లోపలినుంచే సన్నని సూదితో తీస్తారు. దానివల్ల జబ్బు పాకడం బహు అరుదు. ముక్క లేకుండా కీమో మొదలుపెట్టమని డాక్టరుగారిని బతిమాలడమే ప్రమాదం. ప్యాకేజీకి పోసే డబ్బు దీనికి దాచుకోండి. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా లక్డీకాపూల్‌లో దిగవచ్చు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి అక్కడికి దగ్గరే.

క్లోమ క్యాన్సర్ అని తేలినవారు బీఆర్‌సీఏ రక్తపరీక్ష గురించి కూడా తప్పక అడగండి. ఈ జన్యులోపం పుట్టుకతో ఉన్నవారిలో, జబ్బు ఇతర అవయవాలకు పాకినా ప్లాటినం కీమోకు అదుపులో ఉంటే, ఓలాపరిబ్ బిళ్లలు జబ్బు మళ్లీ పెరగకుండా నిలిపిన కాలం 3.8 నెలల నుంచి 7.4 నెలలకు పెరిగిందని 2019లో తేలింది. మొత్తం ఆయుష్షు మాత్రం పెరగలేదు. అయినా ఈ పరీక్ష చేయించాలనే అంటాను. తండ్రిలో ఈ లోపం ఉందని తెలిస్తే కూతుళ్లు, చెల్లెళ్లు పరీక్ష చేయించుకుని రొమ్ము, అండాశయ క్యాన్సర్ల విషయంలో ముందే జాగ్రత్తపడే వీలుంటుంది. మా సిస్టర్లను అడిగితే ఈ పరీక్షకు ముందు ఏమేం తెలుసుకోవాలో కూర్చోబెట్టి చెబుతారు.