పరదేశంలో చెప్పిన పాఠాలకు వతన్‌లో సున్నా మార్కులా?



మదనపల్లె, పుంగనూరు, కుప్పం మొహల్లాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లు ఎన్నో. గల్ఫ్ అంటే డ్రైవర్లు, ఇంటి పనివాళ్లే అనుకుంటారు చాలామంది. అక్కడి ఇండియన్ స్కూళ్లలో పాఠాలు చెప్పే ఉస్తాదులు, ఉస్తానీలు కూడా ఉన్నారు. భర్త వెంట వెళ్లి, బీఈడీ చదువు వృథా కాకూడదని బడిలో చేరిన ఆడబిడ్డలు ఉన్నారు. ఆ స్కూళ్లలో చాలావాటికి సీబీఎస్ఈ గుర్తింపే ఉంది. సిలబస్ మనదే, పిల్లలూ మనవాళ్లే.

సౌదీలో 2017 జూలై నుంచి కుటుంబ సభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ల రుసుము మొదలైంది. 2020 నాటికి అది 400 అయింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉంటే నెలకు 1600 రియాళ్లు. ఎన్నో కుటుంబాలు సామాను సర్దుకుని వతన్‌కు తిరిగొచ్చాయి.

అలా వచ్చిన ఉస్తానీకి ఇక్కడ దక్కేదేమిటి? 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. పరీక్షకు 80 శాతం, టెట్‌కు 20 శాతం. పదేళ్ల తజుర్బాకు సున్నా. వయోపరిమితి 44 ఏళ్లు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు మరో 5 ఏళ్లు. ఆ గీత దాటితే పరీక్ష రాసే మౌకా కూడా లేదు. ఇదేం ఇన్సాఫ్?

"గల్ఫ్‌కు పోయినోళ్లకు మార్కులిస్తే ఇక్కడున్న గరీబులకు అన్యాయం కదా" అంటారు కొందరు. సవాల్ సరైనదే. జవాబు కూడా సులభమే. పుంగనూరు ప్రైవేటు బడిలో చాలీచాలని జీతానికి పాఠం చెప్పే టీచరుకూ అదే లెక్కన మార్కులివ్వండి. తజుర్బా ఎక్కడిదైనా తజుర్బాయే.

"సర్టిఫికెట్లు నకిలీవైతే?" అంటారు. పరదేశపు కాగితాలకు మన ఎంబసీ అటెస్టేషన్ అడగండి, జీతం జమైన బ్యాంకు కాగితాలు అడగండి. దొంగ కాగితం తెచ్చినవారిపై కేసు పెట్టండి. దొంగల భయంతో నిజాయితీపరుల మెహనత్‌ను చెత్తబుట్టలో వేయడం హుకూమత్‌కు తగదు.

ఇది కొత్త కోరిక కూడా కాదు. కాలేజీ అధ్యాపకుల విషయంలో యూజీసీ 2018 నిబంధనలు పాత సర్వీసును, అది దేశంలోదైనా విదేశంలోదైనా, షరతులతో లెక్కించమన్నాయి. తెలంగాణ స్టాఫ్ నర్సుల నియామకంలో 100కు 20 మార్కులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసిన కాంట్రాక్టు సేవకే కేటాయించారు. ఇంగ్లండు 2023 ఫిబ్రవరి నుంచి మన దేశపు లెక్కలు, సైన్సు, భాషల టీచర్ల అర్హతను, అనుభవాన్ని పరిశీలించి తమ టీచరు హోదా ఇస్తోంది. ప్రొఫెసరుకు, నర్సుకు ఉన్న హక్కు బడి పంతులమ్మకు ఎందుకు లేదు?

మదనపల్లె వాళ్లకు ఈ మాట మరింత బాగా అర్థం కావాలి. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది మన బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలోనే. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ దేశస్థుడు. పరదేశం నుంచి వచ్చిన ఉస్తాదును నెత్తిన పెట్టుకున్న ఊరు, పరదేశంలో పాఠం చెప్పి వచ్చిన సొంత బిడ్డను పనికిరాదంటుందా?

మన ముతాలబా ఇంతే. టెట్, డీఎస్సీ పరీక్షలు అలాగే ఉంచండి. రుజువైన బోధనానుభవానికి, స్వదేశమైనా పరదేశమైనా, ఏడాదికి ఒక మార్కు చొప్పున ఐదు మార్కులు మించకుండా ఇవ్వండి. పనిచేసినన్ని ఏళ్లు, ఐదుకు మించకుండా, వయసులో సడలించండి. కుప్పం ముఖ్యమంత్రి గారి సొంత నియోజకవర్గం. అక్కడి నుంచే ఈ అర్జీ మొదలు కావాలి.

మనవాళ్లకూ ఒక మాట. గల్ఫ్ నుంచి వచ్చిన కోడలిని ఎన్ని తులాల బంగారం తెచ్చావని అడుగుతాం. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తెచ్చావా అని అడగం. ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న బిడ్డలకు ఈరోజే ఫోన్ చేయండి. అపాయింట్‌మెంట్ ఉత్తర్వు, జీతం కాగితాలు, సర్వీసు లేఖ భద్రంగా పెట్టుకోమనండి, ఎంబసీ ముద్ర వేయించుకోమనండి. రేపు హుకూమత్ హక్కు ఇచ్చినా, చేతిలో కాగజ్ లేకపోతే ఆ హక్కు మనకు దక్కదు.