నమ్మితే నష్టమేముంది?

కుంగుబాటు, ఆందోళన అనే రెండు రుగ్మతలు వైద్య గ్రంథాల్లో వేర్వేరు అధ్యాయాల్లో ఉన్నా, రోగిలో మాత్రం తరచు కలిసే కాపురం చేస్తాయి. కుంగుబాటు అంటే ఒకనాటి దిగులు కాదు. కనీసం రెండు వారాలపాటు రోజులో ఎక్కువ భాగం మనసు చితికిపోయి, ఇష్టమైన పనులపైన కూడా ఆసక్తి నశించి, నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతిని, తాను ఎందుకూ కొరగాననే భావం పీడించే స్థితి. ఆందోళన అంటే రాబోయే ముప్పును గురించిన ఎడతెగని బెంగ. ముప్పు కంటి ముందు లేకపోయినా గుండె దడదడలాడుతుంది, అరచేతులకు చెమటలు పడతాయి, ఊపిరి అందనట్టు ఉంటుంది. అమెరికాలో కుంగుబాటు చికిత్సపై జరిగిన స్టార్-డి అనే పెద్ద అధ్యయనంలో సుమారు సగం మంది రోగులకు తీవ్రమైన ఆందోళన కూడా ఉన్నట్టు, అలాంటివారు మందులతో పూర్తిగా కోలుకోవడం మిగతావారికంటే కష్టమైనట్టు తేలింది.

ఇలా జంటగా వచ్చే జబ్బును తెలుగు నేలపై ఆచారం రెండు ముక్కలు చేసి చూస్తుంది. దడ, వణుకు, అర్ధరాత్రి ఉలికిపాటు కనిపిస్తే గాలి సోకిందనో, ఎవరో ఏదో పెట్టించారనో అంటారు. మంచం దిగకపోవడం, మాట తగ్గిపోవడం కనిపిస్తే ఒళ్లు బద్ధకమనో, పెళ్లి చేస్తే కుదురుకుంటుందనో అంటారు. భయానికి దయ్యం కారణమవుతుంది, దిగులుకు రోగి స్వభావమే నేరమవుతుంది. రెండింటికీ కారణం ఒకటే కావచ్చునన్న ఊహ భూతవైద్యుడికీ రాదు, బుద్ధి చెప్పే బంధువుకూ రాదు.

దిష్టి తీసే తంతును దగ్గరగా పరిశీలిస్తే ఈ నమ్మకాల నిర్మాణం అర్థమవుతుంది. ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట పట్టి, మనిషి చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందని అర్థం; ఘాటు వచ్చి ఇంటిల్లిపాదీ దగ్గితే మాత్రం దిష్టి అనేదే లేదని ఎవరూ తీర్మానించరు, వేరే దోషమేదో ఉందని జాతకం తెరుస్తారు. ఏ ఫలితం వచ్చినా తప్పని తేలే అవకాశం లేని పరీక్ష అసలు పరీక్షే కాదు.

అయినా గుణం కనిపించిందని చెప్పేవారు అబద్ధం ఆడుతున్నారని అనుకోనక్కరలేదు. ఈ రుగ్మతలు అలలుగా వస్తాయి. బాధ పరాకాష్ఠకు చేరినప్పుడే కుటుంబం క్షేత్రానికో దర్గాకో బయలుదేరుతుంది కాబట్టి, ఆ తరువాత మండలం రోజుల్లో కొంత తెరిపి రావడం తాయెత్తు లేకపోయినా జరగగలిగేదే. దానికి నమ్మకం వల్ల కలిగే ఊరట తోడవుతుంది. ఆధునిక వైద్యం కూడా ఇదే చిక్కును ఎదుర్కొని, మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసే పద్ధతిని ఏర్పరచుకుంది. 2018లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన ఒక సమీక్ష 522 ప్రయోగాలను, లక్షా పదహారు వేల మందికి పైగా రోగుల ఫలితాలను క్రోడీకరించి, పరిశీలించిన 21 కుంగుబాటు మందులూ ఉత్తుత్తి మాత్రకంటే మెరుగైనవేనని తేల్చింది. అయితే ఆ మెరుగు సగటున ఓ మోస్తరుదేనని కూడా దాచకుండా చెప్పింది. తన బలహీనతను తానే లెక్కగట్టి ప్రకటించిన తాయెత్తు ఇంతవరకు లేదు.

ఇక సంప్రదాయవాదుల చివరి ఆయుధం ‘నమ్మితే నష్టమేముంది’ అన్న ప్రశ్న. నష్టం ఉంది, అది చికిత్స ఆలస్యం కావడంతో ఆగదు. ఆందోళనను పెంచి పోషించేది తప్పించుకోవడమే. భయపడిన చోటికి వెళ్లకపోతే తక్షణం ఊరట కలుగుతుంది, ఆ ఊరటే మరునాటి భయానికి ఎరువవుతుంది. క్రమంగా పని, స్నేహాలు, చిన్నచిన్న సంతోషాలు ఒక్కొక్కటే జారిపోయి, ఖాళీ అయిన జీవితంలోకి కుంగుబాటు ప్రవేశిస్తుంది. అమావాస్య వెళ్లేదాకా గడప దాటవద్దు, ఫలానా దిక్కుకు పోవద్దు అనే పరిహారాలు సరిగ్గా ఈ తప్పించుకోవడాన్నే విధిగా మారుస్తాయి. తాయెత్తు కట్టుకుని బస్సెక్కినవాడు క్షేమంగా దిగితే ఆ క్షేమం తాయెత్తు ఖాతాలో పడుతుంది తప్ప, బస్సు ప్రమాదకరం కాదన్న పాఠం మనసుకు ఎక్కదు. తాయెత్తు తెగిపోయిన రోజున భయం రెట్టింపవుతుంది. ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన పద్ధతి నుంచి ఎదిగిన ఆలోచనా ప్రవర్తన చికిత్స దీనికి పూర్తిగా విరుద్ధమైన దారి పట్టిస్తుంది: భయపడే పనిని చిన్న మెట్లుగా విడగొట్టి ఏ రక్షా లేకుండా చేయిస్తుంది, మానేసిన పనులను మనసు రాకపోయినా దినచర్యలోకి తిరిగి తెస్తుంది, తనపై తాను ఇచ్చుకున్న తీర్పులకు సాక్ష్యమేమిటని అడుగుతుంది. హేతువాదం సమాజానికి వేసే ప్రశ్న కూడా ఇదే కావడం కాకతాళీయం కాదు.

మందుల విషయంలోనూ మూఢత్వానికి కొదవ లేదు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గడమే జబ్బుకు కారణమన్న సూత్రం చదువుకున్నవారి దిష్టి కథలా మారింది. అంత సులువైన వివరణకు తగిన ఆధారం లేదు. అయితే సెరటోనిన్‌పై పనిచేసే ఎస్కిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు రెండు రుగ్మతలకూ పనికివస్తాయి. వాటి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి రోజుల్లో ఆందోళన కాస్త పెరగనూవచ్చు, కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఆల్‌ప్రజోలం గంటలోపే హాయినిస్తుంది కానీ కుంగుబాటును తాకదు, వారాల తరబడి మింగితే అలవాటుగా పట్టుకుంటుంది. సాయంత్రం మద్యం పుచ్చుకోవడం కూడా ఆ కోవలోదే. థైరాయిడ్ లోపం, రక్తహీనత ఇలాంటి లక్షణాలనే చూపగలవు కాబట్టి రక్తపరీక్ష ముందే చేయించాలి.

2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో కుంగుబాటు ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి అప్పట్లో చికిత్స అందలేదు. రెండు రుగ్మతలూ కలిసినచోట ఆత్మహత్య ముప్పు హెచ్చు. ఆ ఆలోచన ఉందా అని అడిగితే లేనిపోనిది గుర్తుచేసినట్టవుతుందన్నది కూడా మూఢనమ్మకమే, కాబట్టి ఇంటివారు నేరుగా అడగాలి. చనిపోవాలని ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 నంబరులో రాత్రింబవళ్లు, ఉచితంగా, తెలుగులోనే పలుకుతుంది.