ఉమ్మడి నిధియా? ఇంటి ఖాతాయా?

బిడ్డల ఆటలకని ఊరివారి నడిగి తెచ్చిన సొమ్ము ఎవరిది? అమెరికాలో పాఠశాలల జట్లకును, వ్యాయామ శిక్షణశాలలకును తోడుగా తల్లిదండ్రులు బూస్టరు క్లబ్బులను పేర సహాయక సంఘముల నేర్పరచుకొందురు. మిఠాయిలును, కానుకలు చుట్టెడి రంగు కాగితములును అమ్మి పోటీల రుసుములు, ప్రయాణపు ఖర్చులు భరింతురు. ప్రజాహిత సంస్థగా అర్హత పొందినచో 501(సి)(3) సెక్షను క్రింద ఆదాయపు పన్ను మినహాయింపు గలదు. అచ్చట స్థిరపడిన తెలుగువారి బిడ్డలును ఈ జట్లలో ఆడుచున్నారు గావున ఈ వ్యవహారము మనకు పరాయిది కాదు.

వర్జీనియాలోని క్యాపిటల్ జిమ్నాస్టిక్స్ బూస్టరు క్లబ్బు విషయమై 2013లో అమెరికా పన్నుల న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ సంఘములో ఎవరు సరకు లమ్మిన వారి పేర పాయింట్లు జమ. ఆ మేరకు వారి బిడ్డ చెల్లింపవలసిన సొమ్ములో తగ్గింపు. అమ్మనివారికి పాయింట్లు లేవు. ఇది ప్రజాహితము కాదు, సభ్యుల స్వలాభమని నిర్ణయించి న్యాయస్థానము మినహాయింపు రద్దును ఖాయపరచినది.

కష్టించినవానికి ఫలము దక్కవలదా యని కొందరు వాదింతురు. దక్కవలసినదే, అతడు తన పేర అంగడి పెట్టుకొని అమ్మినచో! అపుడు కొనువాడు ధర బేరమాడును. ఇచ్చట పొరుగువాడు అడిగినంత ఇచ్చినది కాగితముపై మోజుచేత గాదు, బిడ్డలందరి పేరు చెప్పినందున. అందరి పేర అడిగి తన బిడ్డ ఖాతాలో వేసికొనుట న్యాయవాదులమైన మాకు నమ్మకద్రోహమునకు ఇరుగుపొరుగుగనే తోచుచున్నది.

పెద్ద కొలువులో నూర్గురు సహోద్యోగులు గల తండ్రి ఒక్క పూటలో సరకంతయు అమ్మివేయును. రాత్రిపాళీ పనికిఁ బోవు తల్లి పగలు ఎవరి గుమ్మ మెక్కగలదు? ఆమె బిడ్డ రుసుము పూర్తిగా చెల్లింపవలెను, లేదా జట్టు విడువవలెను. ఏ బిడ్డకొఱకు ప్రజలు కనికరించి యిచ్చిరో ఆ బిడ్డయే గుమ్మము వెలుపల నిలుచుచున్నది!

పని చేయనివారు ఊరక లాభము పొందుదురను భయము పూర్తిగా అబద్ధము కాదు. ఐనను వచ్చినదంతయు ఉమ్మడి నిధిలో వేసి అందరి రుసుమును తగ్గించినచో కష్టించినవాని బిడ్డకును తగ్గును గదా. పేదకుటుంబమునకు అవసరమునుబట్టి అదనపు సాయము చేయవచ్చును, అమ్మకమునుబట్టి కాదు.

మఱియొక మాట. చెక్కు వ్రాయు చేయియే లెక్కయు వ్రాసి, బ్యాంకు పట్టికను తానే చూచుకొను సంఘములు పెక్కు. కోశాధికారి యోగ్యుడైనను ఈ పద్ధతి యోగ్యము కాదు. చెక్కుపై రెండు సంతకము లుండవలెను. పట్టికను డబ్బు ముట్టని వేరొక సభ్యుడు నెలనెల సరిచూడవలెను. ఇంటింటి ఖాతాలు నడుపు సంఘములలోని తెలుగు తల్లిదండ్రులు రాబోవు సర్వసభ్య సమావేశముననే వాని రద్దునకు తీర్మానము తేవలెను. పన్నుల శాఖ తాఖీదు వచ్చిన పిమ్మట చేసెడి తీర్మానమునకు విలువ స్వల్పము.